గౌను అంచు

అరవై ఎనిమిదేళ్లు నిండాక నేను డాన్సులో చేరాను. ఆదివారం మా వీధి హాల్లో ప్రదర్శన. అమ్మమ్మలూ నాన్నమ్మలూ కలిసి ఎనిమిది మందిమి. ఆఖర్లో అందరం ఒక్కసారిగా గాల్లోకి గెంతాలి. ఆ గెంతు తలుచుకుంటే చాలు, పొయ్యి ముందున్నా నా కాళ్లు ఊరుకోవు.

మా అమ్మాయికి మాత్రం గుండె గుభేల్‌మంది. "అన్నీ సరిగ్గా ఉన్నాయని డాక్టరు చెబితేనే స్టేజీ ఎక్కేది," అని తేల్చేసింది.

"నాకేం రోగమే?"

"రోగం లేనప్పుడే వెళ్లాలమ్మా. వచ్చాక వెళ్తే దాన్ని వైద్యం అంటారు."

మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన దర్జీ. పెళ్లయిన నాటి నుంచి నా ఒంటిమీదికి బజారు బట్ట రానివ్వలేదు. నా గౌను ఏదైనా సరే ఆయన మిషను మీదే పుట్టాలి, అదో పంతం.

ఆసుపత్రిలో నేను చెలరేగిపోయాను. బీపీ బాగుంది, షుగరు లేదు. కళ్ల పరీక్షలో ఆఖరి వరుస చదివి, దాని కింద అచ్చేసినవాళ్ల చిరునామా కూడా చదివేశాను. చెవుల సంగతి సరేసరి. ఆయన వీధి గుమ్మంలో గొణిగింది పెరట్లోంచి వినగలదాన్ని. ప్రతి గదిలోంచీ బయటికొచ్చి, బెంచీ మీద కూర్చున్న ముసలివాళ్లకి "పాస్!" అని చెయ్యి ఊపాను. ఆయన నా మోచెయ్యి గిల్లి, "కాస్త నెమ్మదే," అన్నారు.

చివరికి ఎత్తు కొలిచే చోట నర్సు ఆగింది.

"ఐదడుగులు. ఇదివరకు ఎంతుండేవారమ్మా?"

"ఐదడుగుల రెండంగుళాలు. ఇప్పుడూ అంతే. మీ కొలకర్రే తప్పు."

మళ్లీ కొలిచింది. మళ్లీ ఐదే. నాకు ఒళ్లు మండింది.

"నేను పొట్టినైపోతే నా గౌను నేలంతా ఊడవాలి కదా! చూడండి, చీలమండ పైకే ఉంది!" అని అక్కడే గిర్రున ఓ చుట్టు తిరిగాను. బెంచీ బెంచీ అంతా చప్పట్లు కొట్టింది.

మా ఆయన కొట్టలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడి మెడలోని టేపు తీసి జేబులో కుక్కుకుంటున్నారు.

"ఏమండీ?"

"నేనే తగ్గిస్తున్నానే," అన్నారు. "రెండు మూడేళ్లుగా నీ గౌన్లు కిందికి దిగుతున్నాయి. చూస్తే చేతుల పొడుగు సరిగ్గానే ఉంది. అంటే నువ్వు తగ్గలేదు, బట్టే బరువుకి సాగుతోందనుకున్నా. నువ్వు ఇంట్లో లేనప్పుడు అంచు విప్పి, ఇంకాస్త మడిచి కుట్టేసేవాణ్ణి."

"నాకో ముక్క చెబితే మీ సొమ్మేం పోయింది?"

"నా పని పాడైందని తెలిస్తే ఊరుకుంటావా? వీధంతా టముకేస్తావు."

వేసేదాన్నే. నర్సు మాత్రం నవ్వకుండా నన్ను ఎముకల పరీక్షకి తీసుకెళ్లింది. ఆ బల్ల మీద పడుకున్నప్పుడు మొదటిసారి నా కాళ్లు ఊరుకున్నాయి. చాలా భయమేసింది.

డాక్టరమ్మ మా అమ్మాయి కంటే చిన్నది. "ఎముకలు పలచబడ్డాయమ్మా. వెన్నుపూసలు రెండు అణిగాయి. నొప్పి లేదు కాబట్టి మీకు తెలియలేదు. మందులున్నాయి, ఇప్పుడైనా దొరికింది."

"మరి ఆదివారం?"

అడుగులన్నీ వేసి చూపించమంది. వేశాను. వంగేవి తీసేసింది. గెంతు దగ్గరికొచ్చేసరికి నా భుజం పట్టుకుని ఆపేసింది. "ఇది మాత్రం వద్దు. దీంతో ఇంకో పూస నలిగిపోయేదే. మిగతావి నిదానంగా చెయ్యండి, మంచిదే."

మా ఆయన కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నారు. "నా మడతలు నిన్ను మంచాన పడేసేవే," అన్నారు. ఆయన్ని తిడదామనుకున్నదాన్ని, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చాక కొత్త గౌనుకి కొలతలు తీశారు. వీధి తలుపు తెరిచిపెట్టి, నిండు గొంతుతో "మా ఆవిడ ఐదడుగులు!" అని అరిచారు. ఎదురింటివాళ్లు కిటికీలోంచి తొంగి చూశారు.

ఆదివారం వచ్చింది. ఆఖరి దరువు మోగింది. ఏడుగురూ గెంతారు. నేను నేల మీదే నిలబడి రెండు చేతులూ పైకెత్తాను. వాటి పొడుగు తగ్గలేదు కదా, ఎంత పోతే అంత ఎత్తాను. హాలంతా ఈలలు. ఇంతలో ముందు వరుసలో ధబ్బుమని చప్పుడు. చూస్తే, నా గెంతు ఆయన గెంతేశారు.

"నాన్నా!" అని మా అమ్మాయి కెవ్వుమంది. "నీకింకా పరీక్షలు కాలేదు!"