మోగని ప్లేటు

పెళ్ళయిన మూడో వారంలో మా ఆయన నాకు ఇచ్చిన మొదటి కానుక ఏంటో చెబితే నవ్వుతారు. ఓ టెలిస్కోపు! మూడు కాళ్ళ మీద నిలబెట్టి, దాని వెనక నన్ను చాప మీద కూర్చోబెట్టి, "ఇవాళ్టి నుంచి నా కళ్ళు నువ్వే" అన్నారు. ఆ మాటకి రోజంతా గాల్లో తేలాను.

ఊరి చివర రాళ్ళు కొట్టడం మానేసిన పాత క్వారీలో మా అత్తింటివాళ్ళ క్లబ్బు ఉంది. ఆ చివర ఇనప గొలుసులకి ఓ గుండ్రటి ప్లేటు వేలాడుతుంటుంది. ఈ చివర నుంచి దాన్ని కొట్టాలి. దూరం రెండు వందల మీటర్లు. చేతిలో ఉండేది చిటికెన వేలి గోరంత తూటా వేసుకునే చిన్న రైఫిల్. పేలితే ఎవరో చప్పట్లు కొట్టినట్టుంటుంది, అంతే. తూటా పాపం నిదానంగా వెళ్తుంది. దారిలో గాలి దాన్ని ఇష్టమొచ్చినట్టు పక్కకి లాగేస్తుంది. పడుకుని గురి చూసేవాడికి ప్లేటు తప్ప ఇంకేం కనపడదు. అందుకే దారి పొడవునా కర్రలకి కట్టిన గుడ్డ పీలికలు ఎటు ఎగురుతున్నాయో చూసి, "ఎడమకి రెండు గీతలు" అనో, "సూటిగా కొట్టండి" అనో పక్కవాళ్ళు చెప్పాలి. మా ఆయనకి ఆ పక్కవాళ్ళు నేనే. తూటా వెళ్ళాక ఊపిరి బిగబట్టి ఉంటే, కాసేపటికి అటునుంచి 'టంగ్' మని వినపడుతుంది. ఆ 'టంగ్' కోసం నేను రోజూ వంట త్వరగా ముగించేదాన్ని.

మంచి రైఫిల్ మాత్రం ఇంట్లో ఒకటే. అది మావయ్యది. ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవారు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేరు. చూపు మసకేసింది. ప్లేటు తెల్లటి మచ్చలా కనిపిస్తుందట, దాని మీద తూటా గుర్తులు కనపడవు. అయినా చేతులు వణకవు. గురి చూసి కొట్టి, తల పక్కకి వంచి చెవి పెడతారు. మోగితే పసిపిల్లాడిలా నవ్వుతారు. ఆ నవ్వు చూడాలని, తప్పినప్పుడు కూడా నేను "తగిలింది మావయ్యా!" అనేసేదాన్ని.

"మోగకుండా తగిలిందా అమ్మాయ్?"

"అంచుకి తగిలింది మావయ్యా, మెత్తగా."

"మెత్తటి ఇనుము! చూశావట్రా చిన్నోడా, నీ పెళ్ళాం నాకు చాక్లెట్లిచ్చి ఊరుకోబెడుతోంది."

చిన్నోడంటే మా ఆయనే. పెద్దోడు మా బావగారు, టైర్ల దుకాణం ఆయనది. మా ఆయన అందులోనే చక్రాల అలైన్‌మెంట్ చూస్తారు. రాబోయే ఆదివారం క్లబ్బు పోటీ. మావయ్య రైఫిల్ మీద అన్నదమ్ములిద్దరికీ కన్నుంది.

"నాన్నా, నలుగురిలో మా పరువు తీయకు. గుడ్డివాడికి తుపాకీ ఎందుకు?" అన్నారు బావగారు ఓ మధ్యాహ్నం భోజనాల దగ్గర, ముద్ద మింగుతూనే.

మావయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "రేపు ఐదు తూటాలు కొడతా. మూడైనా మోగకపోతే రైఫిల్ మీకిచ్చేసి మళ్ళీ ముట్టుకోను. మోగితే మాత్రం నోరు మూసుకోవాలి."

ఆ రైఫిల్ పోతే ఆయనకి ఇంకేం మిగలదని మా అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం మా ఆయన ఈల వేసుకుంటూ లారీ ట్యూబు ఒకటి కోశారు. ఓ కొస నన్ను పట్టుకోమన్నారు. గుండ్రంగా, పెద్ద పళ్ళెమంత ముక్క. "నా మోచేతుల కిందకా?" అన్నాను మురిసిపోతూ. "నీకు అన్నీ తెలిసిపోతాయే!" అని నా ముక్కు గిల్లారు.

మర్నాడు క్వారీలో మా బావగారు ప్లేటుకి కొత్తగా తెల్లరంగు వేసి వచ్చారు. మావయ్య పడుకున్నారు. మొదటి తూటా వెళ్ళింది. టెలిస్కోపులో తెల్లటి రంగు మీద నడిబొడ్డున బూడిదరంగు పువ్వు పూసింది! నేను ఎగిరి గంతేయబోయాను. కానీ మోగలేదు. ప్లేటు ఊగనైనా లేదు. దాని వెనక నుంచి నల్లటి అంచు ఒకటి సన్నగా తొంగి చూస్తోంది. నిన్న నా చేతుల్లో ఉన్న రబ్బరు అంచు.

మా ఆయన నా మోకాలు నొక్కారు, నవ్వుతూనే.

రెండోది తగిలింది. మూడోది తగిలింది. ఒక్కో తూటాకీ మావయ్య చెవి పెట్టడం, మొహం కాస్త వాడిపోవడం. ఐదోది కూడా తగిలేసరికి నేనిక ఆగలేకపోయాను.

"తగిలాయి మావయ్యా! ఐదుకి ఐదూ! ఒట్టు!"

ఆయన లేచి కూర్చున్నారు. నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"ఇవాళ కూడానా అమ్మాయ్? ఈ ఒక్కరోజైనా నా మీద జాలి పడకుండా ఉండాల్సింది."

"జాలి కాదు! రండి, ప్లేటు చూద్దురు గాని..."

అప్పటికే బావగారు డబ్బా, బ్రష్షు పట్టుకుని అటు నడుస్తున్నారు. ప్రతి ఐదు తూటాలకీ మళ్ళీ రంగు వేయడం క్లబ్బు పద్ధతి కదా! మేం చేరేలోపు వెనకాల రబ్బరూ ఉండదు, ప్లేటు పాలలా మెరిసిపోతుంది.

మావయ్య రైఫిల్‌ని మా ఆయన ఒళ్ళో పెట్టారు. "ఇనుము అబద్ధం ఆడదమ్మా" అని నాతో మెల్లగా అన్నారు. దారంతా మా బావగారు ఆయన్ని చెయ్యిపట్టి నడిపించారు. "ఇక హాయిగా రేడియో విను నాన్నా!"

మూడ్రోజులు మావయ్య గదిలోంచి రాలేదు. అన్నం ప్లేటు అలాగే వెనక్కొచ్చేది. నాలుగో రోజు మా ఇంటి కారు డిక్కీలో ఆ రబ్బరు ముక్క దొరికింది. తీసుకెళ్ళి ఆయన చేతుల్లో పెట్టాను. బొటనవేలితో అంచంతా తడిమారు. తెల్లరంగు పెచ్చులు ఊడి చేతికి అంటుకున్నాయి. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"ఎన్ని?"

"ఐదూ తగిలాయి మావయ్యా."

రబ్బరుని మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత అడిగారు, "చిన్నోడికి తెలుసా?"

ఆ గొంతు వింటే మీరు మాత్రం ఏం చెప్పేవారు? "అయ్యో, ఆయనకేం తెలీదు. అంతా బావగారి పనే" అన్నాను.

మొహం ఎలా వెలిగిపోయిందో! "నాకు తెలుసు. వాడు అలాంటోడు కాదు." నిజం చెబితే నమ్మని మనిషి అబద్ధాన్ని రెండు చేతులా అందుకున్నారు.

ఆ మధ్యాహ్నమే పెద్దకొడుకుని పిలిచి రబ్బరు ఆయన మొహం మీద విసిరికొట్టారు. "వీడు కూడా ఉన్నాడు నాన్నా!" అన్నారు బావగారు. "నీ పాపం వాడికి పులమకు. గడప దాటు!" అన్నారు మావయ్య. మా ఆయన అమాయకంగా నేల చూపులు చూశారు. రైఫిల్ తిరిగి ఇవ్వబోతే మావయ్యే వద్దన్నారు. "పోటీలో నువ్వే కొట్టు. నేను వింటా." ఏళ్ళుగా దాచుకున్న తూటాల పెట్టెలు కూడా ఇచ్చేశారు.

గదిలోకి రాగానే మా ఆయన నన్ను ఎత్తి గిరగిరా తిప్పారు. "బంగారం! అబద్ధం భలే చెప్పావే! అన్నయ్య పీడా వదిలింది!" నాకు కళ్ళు తిరిగాయి. నేనూ నవ్వాను.

ఆదివారం క్వారీ నిండా జనం. మావయ్య మా వెనకే కుర్చీలో, చెవి అటు పెట్టి. మా ఆయన పడుకుని అడిగారు, "గాలెంత బంగారం?"

గుడ్డ పీలికలన్నీ కుడికి బిగుసుకుని కొట్టుకుంటున్నాయి.

"అస్సలు లేదండీ. సూటిగా కొట్టండి."

కొట్టారు. ప్లేటు పక్కన చాలా దూరంలో మట్టి లేచింది. మోగలేదు. రెండోది. మూడోది. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆయన మెడ ఎర్రబడింది. "గాలి మారిందా?"

"లేదండీ. మీరు బాగానే కొడుతున్నారు."

వెనక నుంచి మావయ్య ఆత్రంగా అడిగారు. "అమ్మాయ్, తగిలిందా?"

"తగిలింది మావయ్యా. నడిమధ్యన."

"అయితే ఆ పెద్దవెధవ మళ్ళీ రబ్బరు పెట్టాడన్నమాట!" అని ఆయన కుర్చీ చేతిని గట్టిగా చరిచారు. "కొట్టరా చిన్నోడా, భయపడకు! మోగకపోయినా పర్లేదు. అమ్మాయి చూస్తోందిగా!"

మా ఆయన తల తిప్పి నా వైపు చూశారు. మొట్టమొదటిసారి నవ్వకుండా.

తర్వాతి తూటా తీసి ఆయన అరచేతిలో పెట్టాను, వేళ్ళు ప్రేమగా ముడిచి.

"గాలి లేదండీ," అన్నాను. "సూటిగా."