మూసిన బాట

తొంభై నాలుగులో చిక్కడపల్లి లైబ్రరీ ముందు ప్రతి ఆదివారం పొద్దున ఒక వ్యాన్ ఆగేది. ఇంట్లో కారే నల్లాను ఏడాదైనా పట్టించుకోని పెద్దమనుషులు, ఊరి శివారు జింకల అడవిలో బాటలు బాగుచేస్తామంటూ కొడవళ్లు పట్టుకుని తయారుగా ఉండేవారు. వాళ్లలో ఆడమనిషి నళిని ఒక్కతే. కిందటేడు వానల్లో ఆమె భర్త ఇంద్రసేన ఇలాగే సున్నం డబ్బాతో ఒక బాటలోకి వెళ్లి తిరిగి రాలేదు. అడవంతా జల్లెడ పట్టినా చెప్పు కూడా దొరకలేదు. మొగుణ్ని మింగిన అడవికే మళ్లీ పోతున్నదని ఆమె ఉండే అశోక్‌నగర్ సందు నోరు నొక్కుకుంది. లోకం నోటికి మూత ఎవరు పెట్టగలరు? నళినికి కావలసింది ఒక్కటే, మనిషి ఇల్లు చేరాలి.

నారాయణగూడలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఉమాకాంత్ ఆ బృందానికి పెద్ద. మలుపుల్లో రాళ్లకు సున్నం పూయించేవాడు. ఎటునుంచి నడిచి వస్తారో అటువైపే పూయాలి. లోపలికి పోయేవాళ్లకు గేటు వైపు, తిరిగొచ్చేవాళ్లకు అడవి వైపు. వాడని బాటకు ముళ్లకంప అడ్డం వేయాలి. ఇంద్రసేన పోయిన బాటనూ అలాగే మూయించాడు.

"మూసిన బాట తెరవొద్దు చెల్లె," అన్నాడు నళినితో. "మనం నడవని బాట మీద ఎవరు నడుస్తరో మనకెరుకనా?"

నళిని తలూపింది. ఊపి, అందరికన్నా వెనక నడుస్తూ ప్రతి వారం ఆ కంపను పక్కకు లాగేది. పాపం, ఆశ ఎవరి మాట వింటుంది?

ఒక ఆదివారం ఆ బాటలో ఒక రాయికి తడి సున్నం కనిపించింది. అది అడవి వైపు ఉంది. అంటే తిరిగొచ్చే మనిషి గుర్తు. మరుసటి వారం గేటు స్తంభానికి, ఆ తర్వాత లైబ్రరీ గోడ మూలకు, చివరికి వాళ్ల సందు మొదట్లో కరెంటు స్తంభానికి. అన్నీ అడవి వైపే. నళిని ఎవరికీ చెప్పలేదు. ఆ శనివారం సాయంత్రం ఆయనకిష్టమైన పచ్చిపులుసు చేసి, గొళ్లెం పెట్టకుండా పడుకుంది.

తెల్లారి లేచేసరికి ఎనిమిదేళ్ల కూతురు తన్మయి స్కూలు బూట్లు వేసుకుని తలుపు దగ్గర కూర్చుని ఉంది. దర్వాజాకు లోపలి వైపు, సరిగ్గా పిల్ల కళ్ల ఎత్తులో, సున్నం.

"డాడీ బాట చూపిచ్చిండు," అంది పిల్ల. "నన్ను రమ్మన్నడు."

నళిని సందులోకి పరుగెత్తింది. ప్రతి స్తంభానికీ ఇంటి వైపు కొత్త పూత ఉంది, అన్నీ ఆ ఎత్తులోనే. ఆయన వచ్చే దారి అయిపోయింది, ఇది తీసుకుపోయే దారి.

పిల్లను పక్కింటి యశోదమ్మకు అప్పగించి వ్యాన్ ఎక్కింది. అడవిలో దిగి నేరుగా ఆ బాట దగ్గరికి పోయి, తను పక్కకు లాగిన కంపను రెండు చేతులా పట్టి మళ్లీ అడ్డంగా ఈడ్చింది. ముళ్లు అరచేతుల్లో దిగాయి. అవతలి నుంచి ఎవరో కంపను పట్టి లాగారు. బరువు బిందె చేతిలోంచి అందుకునే మనిషి లాగినంత మెత్తగా.

ఏడాదిగా ఎదురుచూసిన మనిషి అవతల ఉన్నాడు. కంపను వదిలేసి ఆయన దగ్గరికి పోదామని ఆమెకెంత అనిపించిందో దేవుడికే తెలియాలి.

"పిల్లనియ్యను," అంది ఏడుస్తూ. "మీరిగ రాకుండ్రి."

లాగడం ఆగింది. నళిని ఇంకో కంప తెచ్చి దాని మీద వేసింది.