మూడో పిలుపు

కోర్టు వరండా పొద్దున్నుంచీ పొడుగవుతోంది. నేను పిలిచే పేర్లు చివరిదాకా చేరడం లేదు.

నేనిక్కడ బంట్రోతుని. ముద్దాయి పేరు మూడుసార్లు పిలవడం నా పని. మూడో పిలుపుకీ పలక్కపోతే వారెంటు, ఆపైన జైలు. నా గొంతుకి పావురాళ్లు కూడా హడలిపోతాయి.

"బొంతు అప్పలనరసయ్యా!" రెండుసార్లు అయింది. పేరు సగం దూరం వెళ్లి, అలిసిపోయి, నేలమీద కూర్చుంటుంది.

అప్పలనరసయ్య పోస్ట్‌మ్యాన్. ఏడు నెలల ఉత్తరాలు పంచకుండా మంచం కింద పెట్టుకున్నాడు. ఒక్కటీ విప్పలేదు, వారానికోసారి దుమ్ము మాత్రం దులిపాడు. పోలీసులు దురుద్దేశం అని రాశారు. డాక్టరు డిప్రెషన్ అని రాశాడు. బద్ధకానికి అది ఇంగ్లీషు పేరని సర్కారు వకీలు నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది. మా అమ్మ పోయిన ఏడాది నేనూ చొక్కా గుండీ పెట్టుకోవడానికి మధ్యాహ్నం దాకా కూర్చునేవాణ్ణి. నా అదృష్టం, గుండీ పెట్టుకోకపోవడం నేరం కాదు.

"మూడోది అయిందా?" లోపల్నుంచి గుమాస్తా అడుగుతాడు.

"అవుతోందండీ."

మూడుసార్లు పిలవాలని రూల్లో ఉంది. మూడోది ఎంతసేపు పిలవాలో ఎక్కడా లేదు. అందుకని పేరు ఎత్తుకుని, చివరి అక్షరం తెంపకుండా సాగదీస్తూ నడుస్తాను. దారిలో రెండు వానలు కురుస్తాయి. గడ్డం పెరుగుతుంది. ఊపిరి మాత్రం అయిపోదు.

వరండా చివర అప్పలనరసయ్య నేలమీద పడుకుని ఉన్నాడు. భార్య చిన్నమ్మడు అరికాళ్లు రాస్తోంది. నా నోట్లో పేరు సాగుతూనే ఉంది కాబట్టి కళ్లతో అడుగుతాను.

"ఇనబడతంది బాబూ," అంటాడు, లేవబోయి మళ్లీ ఒరిగిపోతూ. "నెగనేకపోతన్నాను."

"జడ్జీగారు ఎత్తుమీద కూకున్నారు," అంటుంది చిన్నమ్మడు. "ఈయన మాట అంత ఎత్తు ఎక్కనేదు."

నిజమే. అతని బదులు నేను పలికితే చెల్లదు. నాకు ఏడుపొస్తుంది, ఏడిస్తే పేరు తెగిపోతుందని ఆపుకుంటాను.

వెనక్కి తిరిగితే, సాగిన పేరుని తాడులా పట్టుకుని మేజిస్ట్రేటు గారు వస్తున్నారు. ఆవిడ వెనక గుమాస్తా, సర్కారు వకీలు. ఆవిడ కళ్లజోడు తీసి గుమాస్తాకిచ్చి, అప్పలనరసయ్య పక్కన నేలమీద పడుకుంటారు. గుమాస్తా పడుకుంటాడు. వకీలు నల్లకోటు సర్దుకుని పడుకుంటాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

"అప్పలనరసయ్యగారూ, ఉన్నారా?" అంటారావిడ మెల్లగా.

నేను పేరు వదిలేస్తాను. మూడో పిలుపు అయిపోతుంది.

అతని పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. అప్పుడు కోర్టు భవనం స్తంభాలు కాళ్లలా ఒక్కొక్కటే మడిచి నేలమీదికి దిగుతుంది. కప్పు మా గుండెలదాకా వచ్చి ఆగుతుంది. వెచ్చగా ఉంది.

"ఉన్నానమ్మా," అంటాడు అప్పలనరసయ్య.

"ముద్దాయి హాజరు. రాసుకోండి," అంటారు మేజిస్ట్రేటు గారు. కేసు ఇంకా ఉంది. వారెంటు లేదు.

గుమాస్తా పడుకునే రాసుకుంటాడు. భవనం మెడ చాచి, ఈనిన ఆవు దూడని నాకినట్టు, గరుకుగా, నిదానంగా అప్పలనరసయ్య నుదురు నాకడం మొదలుపెడుతుంది. చిన్నమ్మడు అతని జుట్టు పక్కకి తీసి పట్టుకుంటుంది.