జరానా తాతకు కన్ను

నేను ఒక తోలుబొమ్మను. తోలు అనంతపురం మేకది, టోపీ మెక్సికోది, ముక్కు మాత్రం అచ్చంగా రాముడిది. ఇప్పుడు మెక్సికోలో వెరాక్రూజ్ అనే సముద్రతీరాన, రఫయేలా అనే పాటగత్తె ఇంట్లో గోడకు వేలాడుతున్నాను. ఏటా చనిపోయినవాళ్లను తలుచుకునే పండుగ నాడు నా చుట్టూ బంతిపూలు పెట్టి, ముందర రొట్టె, కాఫీ ఉంచుతారు. అచ్చం రఫయేలా తాతలాగే ఉన్నాడని చుట్టాలంతా కళ్లు ఒత్తుకుంటారు. ఆ తాతను నేను చూడలేదు, నన్ను చేసినవాళ్లూ చూడలేదు. తమవాళ్లు తిరిగి రావాలని మనుషులు గట్టిగా అనుకుంటే రాముడి ముక్కు కూడా అడ్డం రాదు కాబోలు.

నన్ను చేసింది అంబుబాయి. వాళ్ల నాయన ఖండోజీ ఒకప్పుడు పేరున్న బొమ్మలాటగాడు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. బొమ్మకు గీత గీసి, రంగు వేసి, నగల చిల్లులు పొడిచి, అన్నీ అయ్యాక చివరికి కన్ను తెరుస్తారు. కన్ను పొడిచే ఉలి ఖండోజీదే. ఆయన కన్ను పొడుస్తున్నంతసేపూ పక్కన కూర్చుని పాడవలసింది ఆయన భార్య తులసిబాయి. పాట లేనిదే కన్ను లేదు, కన్ను లేనిదే బొమ్మ తెర ఎక్కదు. తెర ఎక్కని బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఉత్త తోలే.

తులసిబాయి కాలం చేశాక ఖండోజీ ఆ ఉలిని గుడ్డలో చుట్టి దాచేశాడు. ఆటలు ఆగిపోయాయి. ఇల్లు గడవాలి కనుక అంబుబాయి తోలుతో లాంపు షేడ్లు చేయడం మొదలుపెట్టింది. వాటి మీద తీగలు, పూలు మాత్రమే. నెమళ్లూ చిలకలూ మానేసింది, వాటికి కళ్లుంటాయి మరి. ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండడంలో తండ్రీకూతుళ్లు ఒకరికొకరు తీసిపోరు.

అట్లాంటి సమయంలో బెంగళూరులో చేతిపనుల మేళా జరిగింది. అంబుబాయి దుకాణం పక్కనే రఫయేలా కూర్చుని జరానా వాయించేది. చిన్న గిటారులాంటిదే, ఒకే మొద్దును తొలిచి చేస్తారు. వాళ్ల ఊళ్లో పండుగకు చెక్కబల్ల చుట్టూ అందరూ నిలబడి వాయిస్తారట, బల్ల మీద ఆడేవాళ్ల కాళ్లే డోలు అట. తాళానికి చెక్కల మీద కాళ్లు తాటించడం అంబుబాయి పుట్టిన దగ్గరి నుంచి తెరవెనక విన్నదే. విని విని మధ్యాహ్నం సద్దిమూట విప్పడం కూడా మరిచిపోయింది. పోయిన ఏడు చనిపోయిన తన తాతను, జరానా పట్టుకుని నిలబడ్డట్టు, బొమ్మగా చేసివ్వగలవా అని రఫయేలా, తన మాటలు తెలుగులో చెప్పే దుబాసీ పిల్ల చేత అడిగించింది. చేస్తానని అంబుబాయి వెంటనే తల ఊపింది. కన్ను సంగతి తిరుగు బస్సులో గాని గుర్తు రాలేదు.

తోలు నానబెట్టి, గీకి, దీపం కనబడేంత పల్చన చేసి ఆమె నన్ను గీసింది. చెరుకుతోటల్లో పనిచేసిన తాతకు తెల్లచొక్కా, గడ్డిటోపీ చాలునని రఫయేలా చెప్పే ఉంది. కానీ బోసి మెడ చూస్తే అంబుబాయికి చేయి ఆగలేదు. కంటెలు, దండకడియాలు, చెవులకు కుండలాలు దిగబడ్డాయి. ఖండోజీ చూసి చాలాకాలం తర్వాత నవ్వాడు.

"వినాయకుణ్ని సేయబోతే కోతి అయిందంటారు. నువ్వు కూలిపని సేసే ఆయప్పను సేయబోతే రాముడైనాడు కదమ్మా."

"అదంతా ఉండనీ నాయనా. కన్ను తెరిచ్చావా, లేదా?"

నవ్వు ఆగిపోయింది. "పాట లేకుండా కన్ను యాడిది? మీయమ్మ పాయె."

నేను పాడతానని అంబుబాయి అనలేకపోయింది. పాటలన్నీ ఆమెకు వచ్చు. ఏళ్ల తరబడి అమ్మ వెనక కూర్చుని తాళం వేసిన పిల్ల. కానీ నోరు తెరిస్తే అమ్మ చోటును ఆక్రమించినట్టవుతుందని భయం, అమ్మ నిజంగానే లేదని ఒప్పుకున్నట్టవుతుందని అంతకంటే పెద్ద భయం. నాకు చాలా దిగులేసింది. లాంపు షేడుగా పుట్టినా బాగుండేది, ఏ ఆశా ఉండేది కాదు.

తన దేశం వెళ్లిపోయే ముందు నన్ను తీసుకుపోవడానికి రఫయేలా దుబాసీ పిల్లతో అంబుబాయి ఊరికి వచ్చింది. కన్ను లేని నా ముఖం చూసింది, కారణం విన్నది. వాదించలేదు, బతిమాలలేదు. అరుగు మీద కూర్చుని జరానా తీసింది. ఒక చరణం పాడి, పాట ఆపి, వాయిద్యం మాత్రం ఆపకుండా అదే వరుస తిప్పి తిప్పి వాయించసాగింది. ఎంతసేపటికీ ఆపలేదు.

ఖండోజీ ఇబ్బందిగా కదిలాడు. "ఆ యమ్మకు సెయ్యి నొప్పి పుడతాది. సాలించమను పాపా."

"చాలించదంట తాతా," అంది దుబాసీ పిల్ల. "వాళ్లకాడ చరణానికి చరణం అప్పటికప్పుడు కట్టి పాడతారంట. ఇంకొకరు అందుకునేదాకా వాయిస్తానే ఉంటారంట."

ఎవరూ అందుకోలేదు. వరుస మళ్లీ మొదటికి వచ్చింది. ఇంటికి వచ్చిన మనిషి వేళ్లు అరిగేలా వాయిస్తుంటే ఊరికే కూర్చోవడం మర్యాద కాదు కదా. అంబుబాయి గొంతు సవరించుకుంది. ఆ పరాయి వరుసలోనే, తన సొంత మాటలు కట్టి, నాకేసి పాడింది.

"ఏ వూరి అయ్యవో, ఎంత దూరమొచ్చినావో
మాయమ్మ లేదీడ, మంచినీళ్లు నేనిస్తా
తలుపు తీసుండాది, తల వంచి రాప్పా
కన్ను తెరిచి సూడప్పా, కాసేపు కూసోప్పా"

ఖండోజీ దిగ్గున లేచి లోపలికి పోయాడు. కోపం వచ్చిందనుకుని దుబాసీ పిల్ల తల దించుకుంది. అంబుబాయి మాత్రం అదే చరణాన్ని మళ్లీ ఎత్తుకుంది. ఆయన గుడ్డమూట విప్పుకుంటూ తిరిగొచ్చాడు. నన్ను పీట మీద పరిచి, ఉలి ఆనించి, చిన్న సుత్తితో కొట్టాడు.

అప్పటివరకూ జరిగిందంతా నాకు చెవిన పడ్డదే. చూడడం అప్పుడే మొదలైంది. నేను మొదట చూసింది ఖండోజీ ముఖాన్ని. ఆయన నన్ను చూడడం లేదు. ఎదురుగా పాడుతున్న కూతుర్ని చూస్తున్నాడు. కళ్లు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

పాట అయ్యాక ఆయన మూలనున్న తోళ్ల కట్ట కింద చేయి పెట్టి ఒక సీతమ్మ బొమ్మను లాగాడు. చీర, జడ, నగలు అన్నీ పూర్తయి ఉన్నాయి. కన్ను లేదు. తులసిబాయి మంచాన పడ్డ రోజుల్లో ఆగిపోయిన బొమ్మ అది.

"ఈ యమ్మ శానా దినాలుగా కాసుకోనుండాది," అన్నాడు కూతురితో. "ఈమెకూ పాడు తల్లీ."

సీతమ్మది నాకంటే ముందు వంతు. పీట మీద ఆమెకు చోటిచ్చి నేను పక్కకు జరిగాను. అంటే, ఖండోజీ జరిపాడు.