నవత అడగని పేరు

మణుగూరు గనిలో పనిచేసే ఎల్లస్వామి గుండెపోటుతో పోయిన ఆరు నెలలకు ఆయన భార్య నాంచారమ్మకు కోర్టు నోటీసు వచ్చింది. కేసు వేసింది ఆమె మరిది వీరేందర్. చండ్రుగొండ దగ్గరి మూడెకరాల చేను ఎల్లస్వామి బతికున్నంత కాలం ఆయనదని, తర్వాత ఆయన పిల్లలదని, పిల్లలు లేకపోతే తమ్ముడిదని అన్నదమ్ముల తండ్రి వీలునామా రాసిపోయాడు. ఎల్లస్వామికి ఒక్కతే కూతురు, నవత. ఆమె తన అన్నకు పుట్టలేదని, డీఎన్‌ఏ పరీక్ష చేయించాలని వీరేందర్ కోరాడు.

ఇరవై రెండేళ్ల నవత ఆ నోటీసు చదివి కోపంతో తల్లిని లాయరు దగ్గరికి లాక్కెళ్లింది.

"నా రక్తం తీస్కోమనుండ్రి మేడం. చిన్నాయిన నోరు మూతపడ్తది," అంది లాయర్ నిర్మలాదేవితో.

"వద్దు," అంది నాంచారమ్మ.

"ఎందుకమ్మా? మనకేం భయం?"

నాంచారమ్మ తలెత్తలేదు. సత్తుపల్లి నుంచి వచ్చి ప్రాక్టీసు పెట్టిన నిర్మలాదేవి ఆమెను కాసేపు చూసి ఫైలు మూసింది.

"భార్యాభర్తలు కాపురం చేస్తుండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనంటుంది చట్టం. వాళ్లడిగినంత మాత్రాన రక్తం ఇవ్వక్కర్లేదమ్మా. నేను చూసుకుంటాను."

వాదనల రోజు వీరేందర్ లాయరు ఒక పాత కాగితం బయటికి తీశాడు. దినాలప్పుడు అన్న పెట్టెలో వీరేందర్‌కు దొరికిన ల్యాబు రిపోర్టు అది. నవత పుట్టడానికి రెండేళ్ల ముందుది. నిర్మలాదేవి లేచి అడ్డుపడేలోపే ఆయన గట్టిగా చదివేశాడు. ఎల్లస్వామికి పిల్లలు పుట్టే అవకాశం లేదని అందులో ఉంది.

జడ్జి కోప్పడ్డారు. చనిపోయిన మనిషి వైద్య పరీక్షను నలుగురిలో ఇలా చదవకూడదన్నారు. కాగితాన్ని కవర్లో పెట్టించి సీలు వేయించారు. అప్పటికే వాళ్లుండే గని కార్మికుల కాలనీ వాళ్లు ఇద్దరు ముగ్గురు వెనక బెంచీలో నుంచి నవత వైపు చూస్తున్నారు.

తిరుగు ప్రయాణంలో సారపాక దగ్గర కాగితం మిల్లుకు పోయే జామాయిల్ కర్ర లారీల వెనక బస్సు ఆగిపోయింది. నవత తల్లిని మెల్లగా అడిగింది.

"నాయినకు ఎరుకేనా?"

"అవ్ బిడ్డా. నేనే చెప్పిన, తప్పు చేసిన అని. ఆ పూట బువ్వ తినలె. తెల్లారి లేసి నన్ను దవాఖానాకు తోల్కపోయిండు, కడుపుల నువ్వు మంచిగున్నవో లేదో చూపియ్యనీకె. ఆయన పొయ్యేదాక ఒక్కనాడు గూడ వాడెవడని అడగలె."

నవత కూడా అడగలేదు.

"నాకు ఇంట్లనే చెప్పొచ్చు గదా," అంది. "కోర్టుల వినాల్నా నేను?"

"చెప్పొద్దని ఆయనే ఒట్టు పెట్టించుకున్నడు."

నాంచారమ్మ చేయి పట్టుకోబోతే నవత తన చేతిని ఒళ్లోకి లాక్కుని కిటికీ వైపు తిరిగింది.

మరో పది నెలలకు కేసు కొట్టేశారు. ఒక ఆడమనిషి కాపురాన్ని, ఒక పిల్ల పుట్టుకను రక్తపరీక్షకు పెట్టే హక్కు మరిదికి లేదని, నవత ఎల్లస్వామి కూతురేనని తీర్పు వచ్చింది. బయట వరండాలో వీరేందర్ నవతకు ఎదురొచ్చాడు.

"నీ మీద కోపం లేదు బిడ్డా. నిన్ను భుజాల మీద మోసిన. అన్న నాకు గింత ముచ్చట దాసిండనే కోర్టుకెక్కిన."

"నాయిన బతికుంటే ఆ కాగితం సదివించేటోనివా చిన్నాయినా?"

వీరేందర్ తల తిప్పుకుని వరండా మెట్లు దిగిపోయాడు.

ఆ నెలలోనే నవత ఖమ్మంలో పని చూసుకుని హాస్టల్లో చేరింది. గెలిచిన చేను ముఖం కూడా చూడలేదు. తల్లి ఫోన్ చేస్తే "తిన్న" అనేది, పెట్టేసేది. ఎల్లస్వామి రెండో తద్దినానికి మాత్రం పొద్దున్నే వచ్చింది. తండ్రికి తానే వండి పెట్టింది. ఫొటో ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. వంటింటి గడపలో నిలబడ్డ నాంచారమ్మ దగ్గరికి పోవడానికి ధైర్యం చాలక అక్కడే ఉండిపోయింది.

నవత ముఖం కడుక్కుని సంచీ తగిలించుకుంది.

"రెండు ముద్దలు తిని పో," అంది నాంచారమ్మ కంచం పట్టుకుని.

"బస్సు పోతదమ్మా."

"మళ్ల ఎప్పుడొస్తవ్?"

నవత చెప్పులు వేసుకుంటూ అంది, "వచ్చేయేడు. నాయిన దినానికి."