కూర్చున్న నేరానికి

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఆ మూడంతస్తుల పాత మేడలో మాత్రం పందొమ్మిదేళ్లుగా ఒకే కత్తి రెండు ఒరల్లో హాయిగా ఇమిడిపోయింది. అది అందరూ కత్తి మామయ్య అని పిలిచే కాపలా మనిషిది. పై అంతస్తులో హాలు తలుపు బయట దాన్ని నిటారుగా పట్టుకుని నిలబడటం ఆయన ఉద్యోగం. ఇన్నేళ్లలో దానితో ఆయన కోసింది ఒక్క పార్సిల్ దారం మాత్రమే.

లోపల ఫ్రీమేసన్లు కూడేవారు. తాపీమేస్త్రీల పేరు పెట్టుకుని, తెల్లటి ఏప్రన్లు కట్టుకుని, మూలమట్టం, వృత్తలేఖిని బల్ల మీద పెట్టుకుని, మనుషులంతా అన్నదమ్ములేనని ప్రమాణాలు చేసే పెద్దమనుషులు. అన్నదమ్ములన్నాక పంపకాలు తప్పుతాయా! ఆడవాళ్లను చేర్చుకోవాలా వద్దా అన్న దగ్గర మాటా మాటా పెరిగి సంఘం నిలువునా చీలింది. వద్దన్నవాళ్లు మంగళవారం కూడేవారు, చేర్చుకుందామన్నవాళ్లు శుక్రవారం. హాలు ఒకటే, కుర్చీలు అవే, కాపలా మనిషీ ఒకడే. మాటలు మాత్రం లేవు. మంగళవారం వాళ్ల లెక్కలో శుక్రవారం వాళ్లు అసలు మేసన్లే కారు. శుక్రవారం వాళ్లు సహనం గురించి గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చి, చివర్లో మంగళవారం వాళ్లను ‘ఆ మ్యూజియం’ అని నవ్వుకునేవారు. దొందూ దొందే.

మంగళవారం వాళ్లకు ఒక నియమం ఉంది. “అవతలివారి సభలో గానీ భోజనంలో గానీ కూర్చున్నవాడు మనవాడు కాడు. వాడితో కూర్చున్నవాడూ మనవాడు కాడు.” దాన్ని ఏటా ఒకసారి లేచి నిలబడి చదువుతారు. చదివి మళ్లీ కూర్చుంటారు.

ఆ నియమం చివరికి వచ్చి కత్తి మామయ్య బావగారి నెత్తిన పడింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. మంగళవారం సంఘంలో నలభై ఏళ్ల సభ్యుడు. అక్కయ్య పోయాక ఆయన ఇల్లు దాటేది రెండింటికే, దుకాణానికి, మంగళవారానికి. అలాంటి మనిషి ఒక శుక్రవారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్లెక్కి వచ్చాడు.

“బావా, ఇవాళ శుక్రవారం” అన్నాడు కత్తి మామయ్య.

“గడియారాలు బాగుచేసేవాడికి వారాలు నువ్వు చెప్పాలిట్రా? తప్పుకో.”

లోపల ఆయన ఒక్కగానొక్క కూతురిని సభ్యురాలిగా చేర్చుకుంటున్నారు. ఆ అమ్మాయి ఇళ్లు కట్టించే ఇంజనీరు. చూడబోతే రెండు సంఘాల్లోనూ కలిపి నిజంగా ఒక గోడ కట్టించినది ఆ పిల్ల ఒక్కతే. మేనకోడలి మొహం గుర్తొచ్చి కత్తి మామయ్య కత్తి దించి తలుపు తీశాడు.

సోమవారానికల్లా ఫిర్యాదు సిద్ధమైంది. రాసింది మంగళవారం సంఘం కార్యదర్శి, వీధి మలుపులో మందుల షాపాయన. ఎదుటివాడి తప్పును కూడా మందు చీటీలా రోజుకెన్ని, పూటకెన్ని అని వివరంగా రాసే మనిషి. ఆ సాయంత్రమే కత్తి మామయ్య బావగారి దుకాణానికి పరుగెత్తాడు.

“నేను నిన్ను చూడలేదని చెప్పేస్తాను బావా. తలుపు దగ్గర ఉన్నది నేనొక్కణ్నే. నా మాట కాదనేదెవరు?”

“వద్దు. నా కూతురు అంతమందిలో తలెత్తుకుని నిలబడితే, నేనేమో దొంగలా నక్కి రాలేదనిపించుకోవాలా?” బావగారు కంటికి పెట్టుకున్న భూతద్దం తీశాడు. గొంతు తగ్గింది. “కానీ ఒరేయ్, ఆ మంగళవారం కూడా పోతే నేనెక్కడికి పోను?”

 ఆ రాత్రంతా కత్తి మామయ్య ఆ నియమాన్నే మనసులో వల్లె వేసుకున్నాడు.

మంగళవారం విచారణ. అధ్యక్షుడు పళ్ల డాక్టరు. ఎవరు నోరు తెరిచినా ముందు లోపలికి తొంగిచూడటం ఆయనకు అలవాటు. బావగారు హాలు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సాక్షిగా కత్తి మామయ్యను లోపలికి పిలిచారు.

“ఈయన శుక్రవారం లోపలికి వెళ్లడం చూశావా?”

“చూడటమేంటండీ, తలుపు తీసిందే నేను.”

“కంచే చేను మేసిందన్నమాట!” అని మందుల షాపాయన చేతులు రుద్దుకున్నాడు.

“మేసిందండీ. అందుకే ఆ రూలు ఇంకోసారి చదవండి.”

చదివారు. కత్తి మామయ్య కత్తి గోడకు ఆనించాడు. “అయ్యా, భోజనాలయ్యాక కాపలావాణ్ని లోపలికి పిలిచి, పక్కన కూర్చోబెట్టి, రాలేకపోయిన సోదరుల పేరు మీద ఆఖరి గ్లాసు ఎత్తించడం మీ ఆచారం. శుక్రవారం వాళ్లదీ అదే ఆచారం. పందొమ్మిదేళ్లుగా శుక్రవారం వాళ్ల బల్ల దగ్గర కూర్చుంటున్నాను. నాలుగు రోజులు తిరిగేసరికి వచ్చి మీ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఇప్పుడు మీలో మిగిలినవాళ్లెవరు?”

 పందొమ్మిదేళ్లుగా ఎదురుగా కనిపిస్తున్న మనిషిని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశారందరూ. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అక్కడ పిడికిళ్లూ బుట్టలూ దాటి బస్తాలకెక్కింది వ్యవహారం. పళ్ల డాక్టరు తన నోరే తెరిచి మూయడం మరిచిపోయాడు.

“నేనున్నాను!” అని లేచాడు మందుల షాపాయన. “నాకు కడుపులో మంట. భోజనాలకు ఒక్కనాడూ ఆగలేదు. వీళ్లంతా వీడితో కూర్చున్నారు, నేను కూర్చోలేదు. రూలు రెండు మెట్ల దగ్గరే ఆగింది, వీళ్లతో సభలో కూర్చున్న నాదాకా రావడానికి మూడో మెట్టు లేదు. కాబట్టి ఈ సంఘంలో శుద్ధంగా మిగిలినవాణ్ని నేనొక్కణ్నే!”

“చాలా సంతోషమండీ” అన్నాడు కత్తి మామయ్య. “మరి మా బావ నాలుగో వరసలో కూర్చున్నాడని, చేతిరుమాలుతో రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడని ఫిర్యాదులో రాశారు. తలుపు బయట నిలబడ్డ నాకే తెలియని సంగతి మీకెలా తెలిసింది?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మందుల షాపాయన చేయి కాలరు మీదికి పోయింది. 

“మా ఆవిడ చెప్పింది.”

“ఆవిడకెలా తెలుసు?”

“మూడేళ్లుగా అందులో సభ్యురాలు” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“అయితే ఇంట్లో మీరు నిలబడి భోంచేస్తారా?” అన్నారు వెనక వరసలోంచి ఎవరో. అంతే, నలభై ఏళ్లలో ఆ హాలు అలాంటి నవ్వు వినలేదు. బావగారు ఒక్కడే నవ్వలేదు. ఆయన ఇంకా తీర్పు కోసం చూస్తున్నాడు.

నియమాన్ని కొట్టేద్దామనే ధైర్యం ఎవరికీ లేదు. తాతలనాటిది మరి. పళ్ల డాక్టరు గొంతు సవరించుకుని ఒక ఉపాయం పట్టాడు. “జరిగిందేదో జరిగింది, ఫిర్యాదు మూసేద్దాం. రూల్లో కూర్చోవడమని ఉంది. నిలబడటం గురించి పెద్దలేమీ రాయలేదు. వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లి నిలబడండి. కానీ ఈసారి ఎవరైనా కూర్చోగా మన సభ్యుడి కంటబడ్డారో, పేరు కొట్టేస్తాం. గడియారాల సోదరా, మీరైనా సరే.” ఇందులో మొహమాటం లేదన్నట్టు బల్ల మీద సుత్తితో కొట్టాడు.

ఆ వచ్చిన శుక్రవారమే మేనకోడలి తొలి ప్రసంగం. పునాది కుంగిన గోడను పడగొట్టకుండా నిలబెట్టడం ఎలాగన్నది విషయం. కత్తి మామయ్య తలుపు తీసి చూస్తే వెనక గోడను ఆనుకుని ఐదుగురు మంగళవారం వాళ్లు బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నారు. ఒకాయన కోడలి కోసం వచ్చాడు, ఇంకొకాయన చెల్లెలి కోసం. ఊరికే వచ్చానన్నవాడు ఒకడు. చివర్లో మందుల షాపాయన. అందరికంటే ముందు బావగారు. ఆయనకు డెబ్బై ఏడేళ్లు, మోకాళ్లకు అంతకంటే ఎక్కువే ఉంటాయి.

ఇరవై నిమిషాలు గడిచేసరికి ఆయన కాళ్లు వణకడం మొదలుపెట్టాయి. గోడను గట్టిగా పట్టుకున్నాడు. ప్రసంగం ఆగిపోయింది. కూతురు కాగితాలు పక్కన పెట్టి, ముందు వరసలోంచి ఒక కుర్చీ ఎత్తుకుని వచ్చింది.

“నాన్నా, కూర్చో.”

“వద్దమ్మా. నేను బాగానే ఉన్నాను. నువ్వు చెప్పు.”

“నువ్వు పడిపోతావేమోనని చూస్తూ నేనేం చెప్పను నాన్నా?”

 పక్కనే నలుగురు సాక్షులు, అందులో ఒకడు ఫిర్యాదుల్లో ఆరితేరినవాడు. బావగారు కుర్చీ వంక చూశాడు, కూతురి వంక చూశాడు.

“నలభై ఏళ్లు వాళ్లతో కూర్చున్నాను” అన్నాడు మెల్లగా. “నీ మాటలు వినడానికి ఇంకెన్నేళ్లున్నాయో ఏమో.” కూతురి చేయి పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

ముగ్గురి చూపులు ఒక్కసారిగా పైకప్పు మీదికి వెళ్లిపోయాయి. అక్కడేదో చిత్తరువులున్నట్టు తెగ పరిశీలించారు. మందుల షాపాయన మాత్రం బావగారినే చూస్తూ ఉండిపోయాడు. ఆ తరవాత నిదానంగా కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకుని బొత్తాం పెట్టేశాడు.

“ఏమ్మా, ఆగిపోయావే? చెప్పు” అన్నాడు అందరికీ వినిపించేలా. “నాకెలాగూ మూడడుగుల అవతల ఏమీ కనిపించదు, వింటాను.”