మూడు ముక్కల నవల

ఎడారి దేశంలో, హఫర్ అల్ బాతిన్ కార్మికుల క్యాంపులోని పదకొండో నంబరు గదికి ఒక నవల వచ్చింది. తెచ్చినవాడు దావూద్. కడపవాడు, కంపెనీ బస్సు డ్రైవరు. సెలవు నుంచి తిరిగొచ్చేటప్పుడు లోకమంతా ఊరగాయ సీసాలు మోసుకొస్తుంటే, ఈయనగారు నాలుగు వందల ఇరవై పేజీల కుటుంబ గాథ మోసుకొచ్చాడు. ఒక ఇల్లు, ఇద్దరు అన్నదమ్ములు, గంపెడు రహస్యాలు.

గదిలో ముగ్గురు. ముగ్గురికీ సెలవు శుక్రవారం ఒక్కటే, పుస్తకమూ ఒక్కటే. మొదటి వారమే లాగులాట మొదలైంది. ప్లంబరు నర్సింలు చూసి చూసి, జిప్సం బోర్డులు కోసే కత్తి తెచ్చి నవలను మూడు ముక్కలు చేశాడు. వెన్నుకు ఏసీ పైపులకు చుట్టే టేపు బిగించి, చీటీలు వేసి పంచాడు. రాసినవాడు చూస్తే గుండె ఆగేదే గానీ, పని మాత్రం శుభ్రంగా జరిగింది. వారానికోసారి ముక్కలు మార్చుకోవాలి. కథ ముగింపు ముందే బయటపెట్టినవాడు వారం రోజులు అందరి గిన్నెలూ తోమాలి. ఆ గదికి అదొక్కటే చట్టం.

నడిమి ముక్క లింబాద్రికి వచ్చింది. జగిత్యాల వైపు మనిషి. కట్టే భవనాల చుట్టూ ఇనుప గొట్టాలతో స్కాఫోల్డింగ్ బిగించడం అతని పని. పొద్దంతా ఆరో అంతస్తు ఎత్తున గాలిలోనే ఉంటాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకుండా కథ నడిమధ్యలో పడ్డాడు పాపం. అయినా కోపం రావడానికి కథ మొదలు తెలియాలా? అతని ముక్కలో ఊరుకాని ఊళ్ళో ఉన్న పెద్దకొడుక్కి తండ్రి రాసిన ఉత్తరాన్ని తమ్ముడు బియ్యం డబ్బాలో దాచేస్తాడు. తండ్రి పోతాడు. చివరిచూపు దక్కని అన్న ఆ ఇంటితోనే తెగతెంపులు చేసుకుంటాడు. అక్కడితో ముక్క అయిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం కోడికూర ముందు కూర్చోగానే లింబాద్రి మొదలుపెట్టాడు.

"గీ తమ్ముడు మనిషేనా? అన్నకచ్చిన ఉత్తరం దాస్తడా?"

"అట్లనొద్దప్పా, తమ్ముడు బంగారం" అన్నాడు దావూద్. అతనిది చివరి ముక్క.

"బంగారమా? సదివినవా, సదవకుండనే పేజీలు తిప్పినవా?"

"నా దాంట్ల ఇద్దరు ఒక్క కంచంల తింటున్నరు, ఒక్క దుప్పట్ల పంటున్నరు" అన్నాడు మొదటి ముక్క చదువుతున్న నర్సింలు, బిత్తరపోయి. "గింతల గీ లొల్లి ఎట్లచ్చిందే?"

లింబాద్రి నవ్వలేదు. నర్సింలుకు కారణం తెలుసు. ఆ కోపం నవల్లో తమ్ముడి మీద కాదు, ఊళ్ళో ఉన్న సొంత తమ్ముడు సాయికుమార్ మీద. రెండేళ్ళ కింద వాళ్ళ అవ్వ, కన్నతల్లి ముత్యవ్వ, పోయినప్పుడు లింబాద్రికి పోవడానికి కాగితాలు అందలేదు. ఇక్కడివాళ్ళందరికీ ఇలాంటప్పుడు మిగిలేది ఒకటే, ఫోన్లో వీడియో పెట్టి చివరిసారి ముఖం చూపిస్తారు. బంధువు పెట్టిన మెసేజీ చూసి, ఎత్తు మీదనే ఒక గొట్టాన్ని పట్టుకొని తమ్ముడికి నలభైసార్లు ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. సాయంత్రం దిగేసరికి మట్టి కూడా అయిపోయింది. ఆ రోజు నుంచి తమ్ముడితో మాట లేదు. తమ్ముడి ఊసు ఎత్తితే భార్య భాగ్యలక్ష్మి ఫోన్ కూడా పెట్టేస్తాడు.

ఇంకో పది రోజుల్లో సెలవు మీద ఊరికి పోతున్నాడు. పోగానే మొదటి పని, ఇద్దరి వాకిలి నడుమ గోడ. ఇటుకలు అప్పుడే దింపించాడు కూడా. మనిషికి పంతం పడితే పని ఎంత చకచకా సాగుతుందో!

"తమ్ముండ్లంత గంతే" అన్నాడు లింబాద్రి. "గోడ కట్టుడే మందు."

దావూద్ చేతిలో ముద్ద పళ్ళెంలో పడేశాడు. "గిన్నెలు నేనే తోముతా పో! విను. ఆ జాబులో నాయన ఏం రాసినాడో తెలుసునా? 'నువ్వు నా కొడుకువే కాదు, నా శవం కూడా చూడొద్దు' అని రాసినాడు. ఆ మాట అన్న చెవిన పడితే బతకడని తమ్ముడు దాచిపెట్టినాడు. ముప్పై ఏండ్లు తిట్లన్నీ తానే తిన్యాడు. నీ ముక్కలో అది లేదు కాబట్టి నీకు దొంగ మాదిరి కనపడ్తాండాడు."

లింబాద్రి తినడం ఆపి చేయి కడుక్కున్నాడు. ఫోన్ తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. రెండేళ్ళ తర్వాత తమ్ముడి నంబరు నొక్కాడు. భయమేసింది అతనికి, నిజంగానే.

"అన్నా?" అంది అవతలి గొంతు, నమ్మలేనట్టు.

"ఆ దినం ఫోనెందుకు బంజేసినవ్ రా?"

సాయికుమార్ గొంతు తగ్గించాడు.

"అవ్వనే వద్దన్నదే. 'పెద్దోడు ఎత్తుల మీద ఉంటడు. నా ముఖం జూస్తే కాలు జారుతది. దిగినంకనే చెప్పు' అని చెయ్యిల చెయ్యేయించుకున్నది. నువ్వు ఫోన్ జేస్తే నేను ఆగలేననే బంజేసిన. పొద్దుమీకి నువ్వు దిగినంక మస్తుసార్లు జేసిననే. నువ్వు ఎత్తలే."

నిజమే. ఆ సాయంత్రం ఫోన్ మోగుతూనే ఉంది. లింబాద్రే దాన్ని దిండు కింద తోసి, దాని మీద తల పెట్టి ఏడ్చాడు. ఇప్పుడు కూడా ఏడుపు ఆగలేదు. నర్సింలు గబగబా గోడవైపు తిరిగి పుస్తకం తెరిచాడు, తలకిందులుగా.

"వారం దాటితే వస్తున్న రా తమ్మీ" అన్నాడు లింబాద్రి ఎట్టకేలకు.

"రా అన్నా. అవునే, వాకిట్ల ఇటుకలు దిగినయి. దేనికని వదినెనడిగితే చెప్తలేదు."

లింబాద్రి తల ఎత్తాడు. ఎదురుగా దావూద్, అటు నర్సింలు, ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"అవ్వకు సమాధి కడ్దామని రా. మనిద్దరం కలిసి."

మాట ప్రకారం దావూద్ గిన్నెలన్నీ ఎత్తుకొని, కిక్కురుమనకుండా నల్లా దగ్గరికి నడిచాడు. ఆ ఇటుకలు అసలు గోడకన్న సంగతి ఆ గది దాటి ఎక్కడికీ పోలేదు.